పెంచుకున్న బిడ్డ పని బిడ్డనే చేసుకోనివ్వండి



ఈ పత్రికను ఓ.పి. దగ్గర బల్లల మీద, ఆదివారం మందిరం గుమ్మం దగ్గర తీసుకుని ఇన్నేళ్లూ చదివామే గాని మేము ఎన్నడూ రాయలేదు. ఇప్పుడు రాయడానికి కారణం రెండు మాటలు. మా బాబును మేము 2008లో దత్తత తీసుకున్నాం. అప్పటికి వాడికి రెండేళ్లు దాటాయి, ఇంకా నిలబడేవాడు కాదు. ఆ రోజుల్లో బుచ్చయ్యపేటలో మా ఇంటికి వచ్చిన ప్రతివారూ "ఎంత దయగలవారమ్మా మీరు, ఈ పుణ్యం ఊరికే పోదు" అనేవారు. పోయిన ఏడాది వాడు ఒక్కడే ఆటో ఎక్కి పనికి వెళ్లడం మొదలుపెట్టాక అదే వీధిలో ఇంకో మాట వినబడింది. "కన్న కొడుకైతే ఇలాగ ఒగ్గేస్తారేటి?"

మొదటి మాటకు మురిసిపోయి చాలా ఏళ్లు పాడుచేసుకున్నాం. రెండో మాటకు ఏడ్చి రెండు వారాలు పాడుచేసుకున్నాం. రెండూ ఒకే చెట్టు కాయలని మాకు ఆలస్యంగా తెలిసింది. పెంచుకున్న బిడ్డ, అందులోనూ ఎదుగుదల తక్కువైన బిడ్డ, జాలిపడి చూసుకోవలసినవాడే గాని పని నేర్చుకోవలసినవాడు కాడు అనే తలంపే ఆ చెట్టు. మన సంఘంలో ఆ చెట్టు బాగా వేళ్లూనుకుంది. మా ఇంట్లో కూడా ఉండేది గనుక ఈ మాట అనగలుగుతున్నాం.

ముందు దత్తత సంగతి చెప్పాలి, ఎందుకంటే ఇప్పటికీ మన కుటుంబాల్లో "క్రైస్తవులకు దత్తత చెల్లదు" అనేవారు ఉన్నారు. ఆ మాట ఊరికే పుట్టలేదు. 1956 నాటి దత్తత చట్టం హిందువులకు మాత్రమే. మనవారు 1890 నాటి గార్డియన్స్ అండ్ వార్డ్స్ చట్టం కింద సంరక్షకులుగా ఉండవలసి వచ్చేది. బిడ్డకు మైనారిటీ తీరగానే ఆ సంరక్షణ కూడా తీరిపోయేది. మా పెద్దలకు తెలిసింది అదే. జువెనైల్ జస్టిస్ చట్టం 2000లో వచ్చి, 2006లో సవరించిన తరువాత ఏ మతం వారైనా దత్తత తీసుకుని ఆ బిడ్డకు పూర్తి తల్లిదండ్రులు కావచ్చని స్పష్టమైంది. ఇప్పుడు ఉన్నది 2015 నాటి చట్టం. 2022 సెప్టెంబరు నుండి కోర్టుకు బదులు జిల్లా కలెక్టరు గారే దత్తత ఉత్తర్వు ఇస్తున్నారు. దరఖాస్తు 'కారా' అనే కేంద్ర సంస్థ ద్వారా పెట్టాలి. జిల్లా శిశుగృహలో అడిగితే దారి చెబుతారు. ఎవరో కన్న బిడ్డను ఆసుపత్రి వరండాలో చేతులు మార్చుకోవడం దత్తత కాదు, నేరం. ఆ బిడ్డకు రేపు ఏ హక్కూ ఉండదు.

మేము దరఖాస్తు పెట్టినప్పుడు ఆరోగ్యమైన పసిపాపనే అడిగాం. దాచుకోవడం దేనికి. వీడిని చూపించినప్పుడు, "ఎదుగుదలలో జాప్యం ఉంది, ఆలోచించుకోండి" అని అక్కడివారు నిజాయితీగానే చెప్పారు. మూడు రోజులు ప్రార్థన చేసుకుని వెళ్లి తెచ్చుకున్నాం. ఇలాంటి పిల్లలను మన దేశంలో అడిగేవారు తక్కువ, చాలామంది విదేశాలకు వెళ్లిపోతున్నారని తరువాత తెలిసింది.

తెచ్చిన వారంలోనే మిషన్ ఆసుపత్రికి తీసుకువెళ్లాం. మందు రాస్తారనుకుంటే, డాక్టరు గారు ముందు చెవి పరీక్షకు, థైరాయిడ్ రక్తపరీక్షకు పంపారు. వినబడని బిడ్డ, థైరాయిడ్ తక్కువైన బిడ్డ కూడా మందబుద్ధిగా కనబడతారని, ఆ రెండిటికీ చికిత్స ఉందని అప్పుడే విన్నాం. మావాడికి ఆ రెండూ లేవు. చాలాకాలం ఎత్తుకునేవారు లేక, ఒకే మంచంలో పడి ఉండడం కొంత, పుట్టుకతో వచ్చింది కొంత అన్నారు. ఎత్తుకునే చేతులు లేకపోతే మెదడు ఎంత వెనుకబడుతుందో రుమేనియా దేశంలో 2000 నుండి జరిగిన పరిశోధన చూపించింది. అనాథ శరణాలయాల నుండి కుటుంబాలకు మారిన పిల్లలు బాగా పుంజుకున్నారు, రెండేళ్ల లోపు మారినవారు ఇంకా ఎక్కువ. మేము ఆ రెండేళ్ల గడువు కొద్దిలో దాటిపోయాం.

పసిపిల్లల తల్లులకు ఒక మాట. నాలుగు నెలలకు మెడ నిలబడకపోయినా, తొమ్మిది నెలలకు ఊతం లేకుండా కూర్చోకపోయినా, ఏడాదిన్నరకు నడవకపోయినా, రెండేళ్లకు రెండు మాటలు కలిపి చెప్పకపోయినా డాక్టరుకు చూపించండి. "వాళ్ల తాతకూ మాటలు ఆలస్యమే" అని ఊరుకోవద్దు. చూపించి పోయేదేమీ లేదు.

ఇక మేము పాడుచేసుకున్న ఏళ్ల గురించి. మావాడు మూడేళ్లు నిండాక నడిచాడు, నాలుగేళ్లకు "అమ్మ" అన్నాడు. అయినా అయిదేళ్లు వచ్చేదాకా చంకలో ఎత్తుకునే తిరిగాం. ఎనిమిదేళ్లు వచ్చినా అన్నం కలిపి ముద్దలు పెట్టాం. నిక్కరు మేమే తొడిగేవాళ్లం, ముక్కు మేమే తుడిచేవాళ్లం. వాడు నోరు తెరిచేలోగా వాడికి ఏం కావాలో మేమే చెప్పేసేవాళ్లం. చూసినవాళ్లు మెచ్చుకున్నారు. కడుపున పుట్టిన బిడ్డకైనా ఇంత చెయ్యరన్నారు. ఆ మెప్పు మాకు బాగుండేది. పెంచుకున్నవాళ్లం కదా, ఎవరూ వేలెత్తి చూపకూడదనే భయం కూడా ఉండేది. ఆ భయం ప్రేమలాగే కనబడుతుంది.

మండల భవిత కేంద్రంలో ప్రత్యేక పిల్లలకు పాఠం చెప్పే టీచరమ్మ ఒకరు ఒకరోజు మా ముద్దలు చూసి, "మీ తరువాత వీడికి అన్నం ఎవరు కలుపుతారండీ?" అని అడిగారు. మాలో పెద్దాయనకు కోపం వచ్చి నెల రోజులు ఆ గుమ్మం తొక్కలేదు. ఆ నెలంతా రాత్రుళ్లు ఆ ప్రశ్నే ఇంట్లో తిరిగింది. మళ్లీ వెళ్లినప్పుడు ఆమె ఏమీ అనలేదు. ఒక నిక్కరు తెమ్మన్నారు.

పనిని ముక్కలు చెయ్యాలి, చివరి ముక్క ముందు నేర్పాలి. ఆమె నేర్పింది అంతే. నిక్కరు కాళ్లకు ఎక్కించి మోకాళ్లు దాటించి తొడల మీద వరకు మేము లాగుతాం, నడుము దాకా లాగడం మాత్రం వాడి పని. లాగితే పని పూర్తయింది, నిక్కరు వేసుకున్నది వాడే! అది వచ్చాక మోకాళ్ల దగ్గర వదిలేస్తాం. తరువాత పాదాల దగ్గర. మొదటి నుండి నేర్పితే బిడ్డకు ప్రతిసారీ ఓటమే మిగులుతుంది, మధ్యలో విసుగొచ్చి వదిలేస్తాడు. చివరి నుండి నేర్పితే ప్రతిసారీ గెలుపుతో ముగుస్తుంది. మాకు నిక్కరుకు నాలుగు నెలలు పట్టింది. స్నానానికి ఏడాది పైన పట్టింది. చెంబుతో నీళ్లు తలమీద పోసుకోవడమంటే వాడికి ప్రాణభయం, అందుకని భుజం మీద పోసుకోవడంతో మొదలుపెట్టాం. చేతిని చేత్తో పట్టుకుని చేయించడం, తరువాత మోచెయ్యి దగ్గర మాత్రం పట్టుకోవడం, తరువాత పక్కన నిలబడడం, తరువాత గుమ్మం బయట నిలబడడం. బయట నిలబడడమే మాకు అన్నిటికంటే కష్టమైంది.

బడి ఉన్న రోజు పొద్దున ఇవన్నీ కుదరవు. తొందరలో ఎవరూ నేర్పలేరు. మేము సాయంత్రాలు, ఆదివారం మధ్యాహ్నాలు పెట్టుకున్నాం. అన్నం ఒలికిపోనిచ్చాం. గచ్చు కడుక్కుంటే పోతుంది. సికింద్రాబాదు మనోవికాస్ నగర్‌లో 1984 నుండి ఉన్న జాతీయ సంస్థ తల్లిదండ్రుల కోసం ఇలాంటి పనుల మీద చిన్న పుస్తకాలు వేసింది. తినడం, పళ్లు తోముకోవడం, దొడ్డికి వెళ్లడం లాంటివన్నీ ముక్కలు ముక్కలుగా ఉంటాయి. మన ఆసుపత్రి లైబ్రరీలో అవి ఉంటే బాగుండునని మా కోరిక.

అన్నీ వచ్చేస్తాయని మేము చెప్పడం లేదు. మావాడికి చదవడం రాలేదు, ఇక రాదు కాబోలు. గడియారం చూడలేడు. బూటు లేసు కట్టలేడు, అందుకే చెప్పులు వేసుకుంటాడు, దాని గురించి ఇక బెంగలేదు. పది దాటి లెక్క తప్పుతాడు. కొట్టుకు పంపేటప్పుడు పది రూపాయల నోటు ఒకటి, వస్తువు ఒకటి, అలా మొదలుపెట్టాం. ఇప్పుడు రెండు వస్తువులు, రెండు నోట్లు. వాడి వైకల్య ధ్రువపత్రంలో 75 శాతం అని ఉంది. పింఛనుకు ఆ కాగితం కావాలి, గనుక దాన్ని భద్రంగా దాచాం. అయితే ఆ అంకె చూసి మిగిలిన 25 శాతమే మనిషి అనుకున్న బంధువులు ఉన్నారు. నర్సరీలో మట్టి సంచులు నింపి పదేసి చొప్పున వరుసలు పేర్చేటప్పుడు వాడు ఒక్క సంచి కూడా తప్పడు. పది వరకు వాడికి బాగా వచ్చు మరి.

ఒళ్లు విషయం సిగ్గుపడకుండా రాయాలి, ఇది ఆరోగ్య పత్రిక గనుక. స్నానం తలుపు వేసుకుని చెయ్యడం, బట్టలు లోపలే మార్చుకోవడం, అమ్మ, నాన్న, డాక్టరు తప్ప ఇంకెవరైనా చెయ్యి వేస్తే "వద్దు" అని గట్టిగా అరిచి ఇంటికి రావడం, ఇవి వాడికి 11 ఏళ్లప్పుడే నేర్పాం. అన్ని పనులూ ఇతరుల చేతే చేయించుకునే బిడ్డకు ఏ చెయ్యి మంచిదో ఏది కాదో తెలియదు. వాడి ఒళ్లు వాడు కడుక్కోవడం మర్యాదే కాదు, కాపలా కూడా. ఆడపిల్లలున్న తల్లులు నెలసరి గుడ్డలు, ప్యాడ్లు మార్చుకోవడం ఇదే పద్ధతిలో నేర్పించారు, మాకు తెలుసు. "ఎందుకీ బాధ, గర్భసంచి తీయించెయ్యండి" అనే సలహాలు ఇంకా వినబడుతున్నాయి. 1994లో పూణే ససూన్ ఆసుపత్రిలో శిరూరు వసతి గృహపు అమ్మాయిలకు అలాగే చేశారు, దేశమంతా గగ్గోలు పుట్టింది. నేర్పడానికి ఓపిక లేని పెద్దల కోసం బిడ్డ కడుపు కొయ్యడం వైద్యం కాదని మేము అనుకుంటాం.

ఆటో సంగతికి వస్తాం. వడ్డాది దారిలో ఉన్న మొక్కల నర్సరీలో వారానికి మూడు రోజులు మావాడికి పని దొరికింది. సంచికి ఇంత అని ఇస్తారు. మొదట రెండు నెలలు మాలో ఒకరు వెంట వెళ్లాం. తరువాత అదే ఆటోలో వెనుక సీట్లో కూర్చున్నాం, మాట్లాడకుండా. తరువాత ఆటో ఎక్కించి అక్కడ దిగాక ఫోను చేయించుకున్నాం. నాలుగో నెలలో వాడే ఎక్కుతానన్నాడు. పన్నెండు రోజులు బాగా జరిగింది. పదమూడో రోజు వడ్డాది ఆటో అనుకుని చోడవరం ఆటో ఎక్కేశాడు.

రెండు గంటలు వాడి జాడ తెలియలేదు. ఆ రెండు గంటల గురించి రాయలేము. ఒక టీ కొట్టు ఆయన ఫోను చేశారు. మావాడు దిగి, ఊరు వేరని గుర్తుపట్టి, ఏడుస్తూనే చొక్కా జేబులోంచి చీటీ తీసి ఆయనకు ఇచ్చాడట. ఆ చీటీలో వాడి పేరు, మా ఊరు, మా నంబరు ఉంటాయి. "తప్పిపోతే కొట్టులో ఉన్నవాళ్లకు ఇవ్వు" అని దాదాపు రెండేళ్లపాటు ఆటలాగా నేర్పించిన పని అది. మేము వెళ్లేసరికి బన్ను తింటున్నాడు.

ఆ సాయంత్రం మా గుమ్మంలో చాలామంది పోగయ్యారు. ప్రార్థన చేసినవారూ ఉన్నారు, ఆ ఒగ్గేసిన మాట అన్నవారూ ఉన్నారు. ఇక పంపకూడదని ఇద్దరం ఒట్టు పెట్టుకున్నాం. మూడో రోజున వాడే చొక్కా వేసుకుని, చీటీ జేబులో పెట్టుకుని గుమ్మంలో నిలబడ్డాడు. మేము పంపలేదు. ఆ మరుసటి వారం కూడా నిలబడ్డాడు. అలా రెండు వారాలు పోయాక తెలిసింది, భయం మాదేనని. వాడు తప్పిపోవడం నిజమే, దొరికే పద్ధతి కూడా వాడే చూసుకున్నాడు కదా. ఇప్పుడు ఎక్కేముందు "వడ్డాదేనా?" అని అడగడం నేర్పాం. అంత చిన్న ప్రశ్న ముందే నేర్పకపోవడం మా పొరపాటు.

కన్నవాళ్లయితే పంపరు అన్న మాటకు మా జవాబు ఇదీ. కన్నవాళ్లు తమ బిడ్డను పద్దెనిమిదేళ్లకు హైదరాబాదు హాస్టల్‌కు పంపుతారు, బస్సు ఎక్కించి కళ్లు తుడుచుకుంటారు. ఎవరూ వారిని వదిలేశారు అనరు. మావాడి హైదరాబాదు వడ్డాది దాకానే ఉంది. అంతే తేడా.

మన మందిరాల్లో మెఫీబోషెతు మీద ప్రసంగాలు చాలా విన్నాం. రెండు కాళ్లూ కుంటివాడైన అతన్ని దావీదు రాజు తన బల్ల దగ్గర కూర్చోబెట్టుకున్న సంగతే అయ్యగార్లు ఎప్పుడూ చెబుతారు. అదే అధ్యాయంలో రాజు అతని తాత సౌలు భూములన్నీ అతనికి తిరిగి ఇచ్చాడు, సీబా అనే మనిషిని సేద్యానికి పెట్టాడు. భోజనం జాలి కావచ్చు, భూమి మాత్రం హక్కు. భూమి మీద ఒక్క ప్రసంగం కూడా మేము వినలేదు. ఎవరైనా చెబితే ముందు బెంచీలో కూర్చుని వింటాం.

మా తరువాత సంగతి ఇంకా తేలలేదు, తేలిందని చెప్పలేము. పెర్ల్ బక్ అనే నోబెల్ రచయిత్రి చైనాలో మిషనరీల ఇంట పెరిగింది. ఆమె కూతురు కరోల్‌కు బుద్ధి ఎదగలేదు. 1929లో ఆ పిల్లను అమెరికాలోని ఒక శిక్షణాలయంలో పెట్టి, 1950లో ఆ బాధంతా పుస్తకంగా రాసింది. ఆమె చాలామంది పిల్లలను పెంచుకున్న తల్లి కూడా. ఆ కాలంలో వేరే దారి లేదు, ఆమెను తప్పుపట్టము. ఇప్పుడు సికింద్రాబాదులో 'స్వయంకృషి' వంటి సంస్థల ఇళ్లలో ఎదుగుదల లోపమున్న స్త్రీలు కొందరు కలిసి ఉంటూ, వంట, ఇంటిపని తామే చేసుకుంటూ, పనులకు వెళ్తున్నారు. అలాంటి ఇల్లు చోడవరం చుట్టుపక్కల ఒకటి ఉంటే, నెల ఖర్చులో మా వాటా మేము కడతాం. మిషన్ స్థలాలు ఖాళీగా ఉన్నచోట దీని గురించి కమిటీవారు ఒక్కసారి కూర్చుని మాట్లాడకూడదా?

కాగితాల విషయం కొంచెం. బిడ్డకు 18 నిండితే, బుద్ధి ఎంత ఉన్నా, చట్టం ప్రకారం పెద్దవాడే. తల్లిదండ్రులు తమంతట తాము సంరక్షకులు కారు. 1999 నాటి నేషనల్ ట్రస్ట్ చట్టం కింద కలెక్టరు గారి అధ్యక్షతన ఉండే స్థానిక కమిటీకి దరఖాస్తు పెట్టుకోవాలి. మేము పెట్టాం, మా తరువాత ఎవరో కూడా రాశాం. వీలునామా కూడా రాశాం. 'నిరామయ' అనే ఆరోగ్య బీమా ఏడాదికి లక్ష రూపాయల వరకు ఇస్తుంది, మన వార్డుల్లో దాన్ని ఎరుగనివారే ఎక్కువ. వికలాంగుల పింఛను 2024 జూలై నుండి మన రాష్ట్రంలో నెలకు 6,000 రూపాయలు. 1వ తేదీన సచివాలయం వారు వచ్చినప్పుడు వేలిముద్ర మావాడే వేస్తాడు, డబ్బు వాడి చేతికే ఇవ్వమంటాం. అందులో వంద రూపాయలు వాడి ఇష్టం. ప్రతి నెలా చెగోడీలే కొంటాడు. మాకు నచ్చదు, కానీ ఆ వంద వాడిది.

సంఘస్థులకు మా మనవి. మావాడు "వందనాలు" అనడానికి కొంచెం సమయం పడుతుంది. మీరు ముందే వాడి తరఫున అనేసి తల నిమిరి వెళ్లిపోవద్దు. వాడు 19 దాటినవాడు, తల నిమరకండి, చెయ్యి కలపండి. కొట్టువారు ఊరికే బిస్కెట్లు ఇవ్వవద్దు. డబ్బు తీసుకోండి, లేకపోతే వాడికి నేర్పిన లెక్క పాడైపోతుంది. కూటాలు జరిగినప్పుడల్లా వాడిని ముందుకు పిలిచి స్వస్థత ప్రార్థన చెయ్యడం ఆపమని అయ్యగారిని అడిగాం, ఆయన అర్థం చేసుకున్నారు. ప్రార్థన వద్దని కాదు. అందరి ముందూ నిలబెట్టినప్పుడల్లా వాడు రాత్రి పక్క తడుపుతున్నాడు.

చాపల సంగతి స్త్రీల సమాజం వారికి ప్రత్యేకంగా. మందిరంలో చాపలు ఇరవై పైనే ఉన్నాయి. మావాడు పది చుట్టి గోడకు పెట్టి, మళ్లీ ఒకటి నుండి మొదలుపెట్టి ఇంకో పది చుడతాడు. మధ్యలో ఎవరైనా ఒకటి లాక్కుని చుట్టేస్తే వాడి లెక్క పోతుంది, మొదటి నుండి అన్నీ విప్పుతాడు. మీకు ఇంటికి వెళ్లే తొందర ఉంటే వెళ్లండి. తలుపు తాళం వాడి దగ్గరే ఉంటుంది, వేసి మేమే అయ్యగారికి ఇచ్చి వస్తాం. పోయిన రెండు వారాలుగా మేము కూడా గేటు దగ్గరే ఉండిపోతున్నాం, తాళం వాడే తీసుకెళ్లి ఇస్తున్నాడు.